అర్థం కాదనుకుని అన్న మాటలు

దుకాణంలో మంచి మనుషులు ఎందుకు నిలవరని మా సేటు నన్ను ఏటా రెండుసార్లయినా అడిగేవాడు. అలా తొమ్మిదేళ్లు అడిగాడు. జవాబు నాకు మొదటి రోజు నుంచీ తెలుసు, చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. కానీ ముందు సేటు ఇంటివాళ్ల తప్పు చెబుతాను, ఎందుకంటే ముందు జరిగింది అదే.

మాది మహారాష్ట్రలో, చంద్రపూర్ బజారులో స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. కింద అమ్మకం, పైన గోదాము. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు కానుకగా ఇచ్చే గిన్నెల మీద, బిందెల మీద పేర్లు చెక్కి ఇవ్వడం మా ప్రత్యేకత. సేటు వాళ్లది తెలుగు కుటుంబం, తాతల నాడు వచ్చి వ్యాపారం పెట్టుకున్నారు. కొనడానికి వచ్చేవాళ్లతో మరాఠీ, సరుకు పంపేవాళ్లతో హిందీ మాట్లాడతారు. తమలో తాము మాత్రం తెలుగే. పనిచేసేవాళ్లందరూ మరాఠీ వాళ్లే, తెలుగు ఎవరికీ రాదని వాళ్ల నమ్మకం. అందుకని మా గురించి మా ఎదుటే మాట్లాడుకునేవాళ్లు. గుసగుసలేం కాదు, నిండు గొంతుతోనే. మేం గోడకు వేలాడదీసిన గరిటెలమన్నట్టు.

నాది ఆ ఊళ్లోనే బాబుపేట్. నాన్న బొగ్గు గనిలో పనిచేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు అమ్మ బైబిలు ముందు పెట్టి, ఒక్కో మాట మీద వేలు ఆనించి నేర్పింది. ఇవాళ ఇది రాయగలుగుతున్నది ఆ వేలి వల్లే. పని అడగడానికి వెళ్లిన రోజు సేటు మరాఠీలో అడిగాడు, మరాఠీలోనే చెప్పాను. పదేళ్లు బడిలో మాట్లాడిన భాష కాబట్టి ఎక్కడా తడబడలేదు. నా పేరు బైబిల్లోది. ఆ పేరు వింటే మనిషిది ఏ భాషో తెలియదు. పక్కనే గల్లాపెట్టె దగ్గర సేటు భార్య కూర్చుంది. పనివాళ్లం ఆమెను కాకూ అంటాం, మరాఠీలో పిన్ని అన్నట్టు. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, భర్తతో తెలుగులో అంది.

“గీమెనా? మొకం జూస్తే వచ్చిన గిరాకీ వాపస్ పోతది. నవ్వుడంటే తెల్వనట్టుంది.”

“ఉండనియ్యి. నెల దాటితే జూద్దాం.”

“నెల గూడ ఉండది. పందెం.”

సేటు నా వైపు తిరిగి, ముఖం నిండా నవ్వుతో మరాఠీలో, “రేపటి నుంచి రండి తాయీ” అన్నాడు. తాయీ అంటే మరాఠీలో అక్క.

ఆ క్షణాన ఒక్క ముక్క తెలుగులో అని ఉంటే సరిపోయేది. నాకు కోపం వస్తే నోరు పెగలదు. ఆ మాట మాత్రం లోపల కూర్చుండిపోతుంది. నెల ఉండదా, చూద్దాం అనుకున్నాను. నెల దాటింది, ఏడాది దాటింది. పందెం ఓడిపోయానని ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. అసలు గుర్తే ఉండి ఉండదు. నాకుంది.

ఇంకా చాలా ఉన్నాయి. వానాకాలంలో తడిసిన చెప్పులు బయట విప్పి లోపలికి వస్తే, “గీమె కాళ్లు జూడు, బర్రె కాళ్ల లెక్క” అన్నది. నాన్న పోయినప్పుడు నాలుగో రోజే పనిలోకి వచ్చాను. “కండ్లల్ల నీళ్లు గూడ లేవు, రాయి” అన్నది. పదో రోజున వచ్చి ఉంటే ఏమనేదో కూడా నాకు తెలుసు. ఒక పెద్ద పెళ్లివారికి సామాను మొత్తం నేనొక్కదాన్నే చూపించి, పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకు అమ్మితే, “ఇయాల గాడిదకు హుషారొచ్చింది” అన్నది. తొమ్మిదేళ్లలో ఆ నోట నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. మిగతా దుకాణాలతో పోలిస్తే మాది చెడ్డది కాదు. జీతం ఆగేది కాదు. రెండు పూటలా టీ వచ్చేది. గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి స్టూళ్లు ఉండేవి. బజారులో ఎన్ని దుకాణాల్లో ఆడవాళ్లు పొద్దంతా నిలబడే ఉంటారో నాకు తెలుసు. మనుషులు నిలవడం లేదని సేటు కొత్త ఫ్యాన్లు పెట్టించాడు. దీపావళికి మిఠాయి డబ్బాలు పంచాడు. ఎవరిదైనా పుట్టినరోజైతే కేకు తెప్పించడం మొదలుపెట్టాడు. కేకు తిని వెళ్లిపోయారు.

వెళ్లిపోవడానికి ఒక లెక్కుండేది. కొత్తగా వచ్చిన మనిషి మొదటి మూడు నాలుగు నెలలు హుషారుగా ఉంటుంది. ఐదో నెలకు, తెలుగు మాట వినబడితే తల ఎత్తి చూడడం మొదలుపెడుతుంది. చెవి తనంతట తానే నేర్చుకుంటుంది కదా. ముందు ఒకటి రెండు అంకెలు తెలుస్తాయి, తర్వాత బిందె, మూత, చెంచా. ఆ తర్వాత ‘గీమె’ అంటే తానేనని తెలుస్తుంది. ఎనిమిదో నెలకో పదో నెలకో, అత్తకు బాగాలేదనో, ఇల్లు దూరమైందనో చెప్పి మానేస్తుంది. ఒక్కరు కూడా అసలు కారణం చెప్పలేదు. చెప్పాలంటే తమ గురించి అన్న మాటను తమ నోటితోనే మళ్లీ పలకాలి.

వాళ్లందరికీ పని నేర్పింది నేనే. ఏ గిన్నెకు ఏ మూతో, ఏ మందం స్టీలు సొట్టపడదో, పెళ్లివారితో ఎలా మాట్లాడాలో చెప్పింది నేనే. నేర్పడం, వాళ్లు వెళ్లిపోవడం, మళ్లీ నేర్పడం. సేటు మాత్రం పెద్ద షోరూముల ఏసీని తిట్టేవాడు, ఫోన్లను తిట్టేవాడు. “ఏం లోపం తాయీ?” అని అడిగేవాడు. “తెలియదు సేటూ” అనేదాన్ని.

అలాంటప్పుడు పేర్లు చెక్కే మనిషి వచ్చింది. కోర్పనా వైపు మరాఠీ పత్తి రైతుల ఇంటి పిల్ల, పెళ్లయి చంద్రపూర్ వచ్చింది. అంతకు ముందున్న ఆయన రాత కోడి గీకినట్టుండేది. ఈమె గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, లావు పెన్నులాంటి ఆ మిషను పట్టుకుని, గిన్నె అంచు చుట్టూ పేరు తిప్పేది. ముందు కొలిచేది కాదు, గుర్తులు పెట్టుకునేది కాదు. చివరి అక్షరం ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడ ఆగేది. రాజురా నుంచి నది దాటి, ఆమె చేతి రాతే కావాలని వచ్చేవాళ్లు. పేరు రాయించుకునే వాళ్లతో ఊరికే ఉండేది కాదు. “ఇచ్చేది మేనమామనా? అయితే మామ పేరు పెద్దగ రాయాలె, లేకుంటే అలుగుతడు” అని మరాఠీలో అనేది. వాళ్లు నవ్వి ఇంకో బిందె కొనేవాళ్లు.

మధ్యాహ్నం మేమిద్దరం కలిసి తినేవాళ్లం. నా డబ్బాలో ఆమె చెయ్యి, ఆమె డబ్బాలో నా చెయ్యి. ఒక ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి పిలిచాను. అమ్మ గుమ్మంలో ఎదురొచ్చి, “రా బిడ్డా, కూసో” అంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె సందు మొగలో ఆగింది. ఆమె అన్నది మరాఠీలోనే, నేను మా మాటలోకి మార్చి రాస్తున్నాను.

“తాయీ, నువ్వు తెలుగుదానివా?”

“అవును.”

“సేటుకు తెల్సా?”

“తెల్వదు. చెప్పకు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “అమ్మా! ఇన్నేండ్లు పిల్లి లెక్క కూసున్నవా?” అంది. ఎవరికీ చెప్పలేదు. నా రహస్యం మోసిన మనిషి ఆ దుకాణంలో ఆమె ఒక్కతే.

ఆమె వచ్చిన పదో నెలలో, పెళ్లిళ్ల రోజుల్లో, ఒక సెట్టులో ఆరు చెంచాలు తక్కువ వచ్చాయి. పొద్దున్నే వెతుకులాట మొదలైంది. కాకూ గల్లా దగ్గర నుంచి, పేర్లు చెక్కే పీట వైపు గడ్డం ఎత్తి చూపుతూ తెలుగులో అంది.

“ఆరు చెంచాలు యాడికి పోతయ్? గామె సంచి జూడు, ఎంత పెద్దగుందో. దొంగముండ. పొయ్యేటప్పుడు ఓ కన్నేసి ఉంచు.”

“ఊకో,” అన్నాడు సేటు. “సీజన్ల గామె పోతే పేర్లెవరు కొడ్తరు? సీజన్ అయినంక జూద్దాం.”

మిషను చప్పుడు ఆగింది. కొద్దిసేపటికి మళ్లీ మొదలైంది. నేను తల తిప్పలేదు.

మధ్యాహ్నం డబ్బా మూత తీసి, తినకుండా నన్ను అడిగింది. “తాయీ, పొద్దుగాల కాకూ నా దిక్కు జూసి ఏమన్నది?”

“నీ గురించి కాదు. స్టాకు గురించి. చెంచాలు తక్కువొచ్చినయట.”

“స్టాకు గురించేనా?”

“ఆఁ.”

“ఒట్టు?”

“తిను ముందు. అన్నం సల్లారిపోయింది” అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానో నాకు బాగా తెలుసు. అర్థం కాకపోతే ఉండిపోతుంది, అర్థమైతే వెళ్లిపోతుంది. ఎంతమందిని పోగొట్టుకున్నాను, ఈమెనైనా నిలుపుకోవాలనుకున్నాను. మంచి పనిచేసే మనిషిని చేజారనివ్వకూడదని ఆ రోజు సేటూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆయన కాకూ నోరు మూయించాడు, నేను అబద్ధం చెప్పాను. సాయంత్రం ఆమె నాకంటే ముందే సంచి తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ సంచి నోరు బార్లా తెరిచి పట్టుకుంది. ఖాళీ టిఫిను డబ్బా, గొడుగు అందరికీ కనిపించాయి.

మరునాడు రాలేదు. ఫోను చేశాను.

“తాయీ, దొంగ అంటే ఏందో నాకు నాలుగో నెలల్నే తెల్సు,” అంది. “నువ్వేం చెప్తవో జూద్దామని అడిగిన.”

ఇంకేమీ అనకుండా పెట్టేసింది.

ఆ మరుసటి రోజు చెంచాలు దొరికాయి. గోదాములో ఒక పెద్ద బిందె లోపల, కాగితంలో చుట్టి ఉన్నాయి. కాకూయే తీసింది. అటూ ఇటూ చూసి, సెట్టులో పెట్టేసి, చేతులు దులుపుకుని కిందికి దిగింది. మెట్ల పక్కన నేనున్నానని చూసుకోలేదు.

వారం గడిచేసరికి పేర్లు చెక్కాల్సిన సామాను గుమ్మం దాకా పేరుకుపోయింది. పెళ్లివారు వచ్చి అరిచి పోతున్నారు. సేటు ఆ గిన్నెల మధ్య నిలబడి, ఎప్పటిలా నన్ను మరాఠీలో అడిగాడు. “గామెకు ఏం తక్కువ చేసినం తాయీ? పీటంటే పీట, లైటంటే లైటు. ఎందుకు నిలుస్తలేరు మనుషులు?”

నేను తెలుగులో చెప్పాను.

“దొంగముండ అన్నందుకు పోయింది సేటూ.”

ఆయన చేతిలోని మూత కింద పడింది. అది గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

“నీకు తెలుగొస్తదా?”

“పుట్టినకాడికెల్లి వస్తది. మీరు అడగలేదు.”

కాకూ గల్లా వదిలి లేచింది. “మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే? చాటుకుండి మా మాటలు ఇన్నవా?”

“చాటేంది కాకూ? మీ ముంగటనే ఉన్న.” ఆగలేకపోయాను. బర్రె కాళ్లు చెప్పాను, రాయి చెప్పాను, గాడిద చెప్పాను. ఏ కాలంలో, ఏ గిన్నె చేతిలో పట్టుకుని ఉండగా అన్నదో అదీ చెప్పాను. వెళ్లిపోయిన వాళ్లలో ఎవరిని ఏమన్నారో వరసగా చెప్పాను. మొదటి రోజు పందెం కూడా చెప్పాను.

“మా భాషల మేం మాట్లాడుకున్నం,” అంది కాకూ. గొంతు తగ్గింది. “ఇంట్ల మాట్లాడుకున్నట్టు. గామెకు అర్థమైతదని అన్నమా?”

“అర్థంగాదనే అన్నరు. గదే చెప్తున్న.”

అప్పుడు వెనక నుంచి మా హమాలీ దగ్గాడు. గోదాముకు బరువులు మోసే ముసలాయన, మరాఠీ మనిషి. ఆ దుకాణంలో నాకంటే పాతవాడు. భుజం మీది గోనె దించకుండానే, తెలుగులో అన్నాడు. “నాగ్గూడ వస్తది సేటూ. మీ నాయిన కాలం సంది.”

సేటు గల్లా పక్క స్టూలు మీద కూర్చున్నాడు. “ఇంక ఎవలికొస్తది?” అన్నాడు. కౌంటరు దగ్గరున్న ఇద్దరు అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల దించుకున్నారు. అదే జవాబు.

సెలవు రోజున సేటు, కాకూ, నేను పేర్లు చెక్కే ఆమె ఇంటికి వెళ్లాం. ఒక్క గది, పక్కన వంట చేసుకునే అరుగు. సేటు మిఠాయి డబ్బా ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు, వద్దనీ అనలేదు. డబ్బా నేల మీద అలాగే ఉంది. సేటు మరాఠీలో చాలా చెప్పాడు. ఏం కావాలంటే అది చేస్తానన్నాడు. ఆమె ఆయన్ని చివరిదాకా మాట్లాడనిచ్చి, కాకూ వైపు తిరిగింది.

“కాకూ, ఆనాడు నన్ను ఒక మాటన్నరు. గదే మాట నా మొకం జూసి, నా భాషల ఒక్కసారి అనుండ్రి. రేపే పన్లకొస్త.”

కాకూకు మరాఠీ మాకందరికంటే బాగా వచ్చు. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఆమె ముఖం అంత ఎర్రబడడం నేనెన్నడూ చూడలేదు. చూసి సంతోషపడదామని ఎన్నేళ్లుగానో అనుకున్నాను. ఆ గదిలో నాకు సంతోషం కలగలేదు.

“నోరొస్తలేదు,” అంది కాకూ చివరికి. తర్వాత నేల వైపు చూస్తూ, “చెంచాలు దొరికినయ్. బిందెల ఉండె.”

“ఎప్పుడు?”

“నువ్వు మానేసిన రెండో దినం.”

“వారం దాటింది గదా కాకూ. ఫోను లేదా?”

ఆమె సేటు వైపు తిరిగి, “వస్త,” అంది. “గానీ దుకాణంల నా గురించి ఏమన్నా ఉంటే నాకు తెల్సే భాషల, నాతోని అనాలె. తిట్టినా సరే. అర్థమైతే నేను జవాబియ్యొచ్చు. నాకే గాదు, అందరికీ గట్లనే.”

సేటు సరేనన్నాడు. లేచాం. గుమ్మం దగ్గర నేను వెనకబడి, “మరి నేను?” అన్నాను.

“వాళ్లు సేట్లు. ఇయాల వీళ్లు, రేపు ఇంకొకళ్లు. నువ్వు నా డబ్బల చెయ్యి వెట్టి తిన్నవు” అంది. తలుపు దగ్గరగా వేసింది.

చెప్పినట్టే మరునాడు వచ్చింది. అప్పటి నుంచి ఆ దుకాణంలో అదే కట్టుబాటు. బోర్డు మీద రాయలేదు, ఎవరూ సంతకాలు పెట్టలేదు. కాకూకు కోపం వస్తే తెలుగులో సగం మాట అంటుంది. గుర్తొచ్చి ఆగుతుంది. మనిషిని దగ్గరికి పిలిచి మరాఠీలో మొదలుపెట్టేసరికి, అనాలనుకున్నది సగమే మిగులుతుంది. ఆ మిగిలిన సగం పని గురించే ఉంటుంది. మూత తప్పు పెట్టావనో, పెళ్లివారికి మంచినీళ్లు ఇవ్వలేదనో. దానికి ఎవరూ మానేయరు. ఈ మూడేళ్లలో పనిలోంచి వెళ్లింది ఒక్క అమ్మాయే, అదీ పెళ్లయి ఊరు మారినందుకు. కేకులు ఇప్పుడు కూడా వస్తున్నాయి, తిని అందరూ ఉంటున్నారు. మంచి మనుషులు మా దుకాణంలో పని దొరుకుతుందా అని వాళ్లంతట వాళ్లే అడుగుతూ వస్తున్నారు. సేటు దీన్ని బజారులో తన తెలివిగా చెప్పుకుంటాడు. అది కూడా నేను విన్నాను.

నా తొమ్మిదేళ్లకు మాత్రం క్షమించమని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకసారి కాకూ, “నువ్వు ముందుగాల్నే చెప్తే ఇంత కాకపోవు” అంది, తప్పంతా నాదే అయినట్టు. అందులో కొంత నిజముంది. అయినా ఆ మాట ఆమె అనకూడదు. అది అనదగ్గ మనిషి వేరే ఉంది, పది అడుగుల దూరంలో పీట మీద కూర్చుని.

ఆమె నాతో పని మాటలు మాట్లాడుతుంది. ఏ పేరు, ఏ గిన్నె, ఎన్నింటికి కావాలి, అంతే. డబ్బా మాత్రం వేరే వాళ్లతో తింటుంది. నేను తప్పు చేశానని రెండుసార్లు చెప్పాను. మొదటిసారి మిషను ఆన్ చేసుకుంది. రెండోసారి, “వినబడ్డది” అంది. మూడోసారి చెప్పాలా అని చాలాకాలం పంతం పట్టాను. మొన్న వానల్లో చెప్పాను. ఆమె చేతిలోని బిందెను ఇంకో వైపుకు తిప్పుకుంది. నేనైతే ఎన్నేళ్లకు మరిచిపోతానో నాకు తెలుసు కాబట్టి, ఆమెను తొందరపెట్టడానికి నాకు నోరు రాదు.

కొత్త మనిషి చేరిన ప్రతిసారీ ఆమె పని ఆపి, దగ్గర కూర్చోబెట్టుకుని, నాకు వినబడేటంత గట్టిగా మరాఠీలో చెబుతుంది. “ఈడ నీకు తెల్వని మాటేదన్నా వినబడితే అడుగు. సిగ్గుపడకు. సేటును అడుగు, కాకూను అడుగు, హమాలీ బాబాను అడుగు. గా తాయిని మాత్రం అడగకు.”

వచ్చిన అమ్మాయి నా వైపు చూస్తుంది. నవ్వాలో వద్దో తెలియక నిలబడుతుంది. ఏ పనైనా నేర్పాల్సింది నేనే కదా, అందుకని కంగారు.

“నిజమే చెప్తుంది. ఆ ఒక్కటి నన్ను అడగకు” అంటాను. తర్వాత ఆ అమ్మాయిని పైకి తీసుకెళ్లి, ఏ గిన్నెకు ఏ మూతో చూపించడం మొదలుపెడతాను.